ఎడమకు తిరిగిన సారె

ఉదయం ఆరుంబావుకు నా భార్య ఇడ్లీ పిండి తీసి, గ్రైండర్ లోపలి రాళ్ళు పక్కన పెట్టి, గిన్నె కడిగింది. కడిగిన గిన్నెను మళ్ళీ మోటారు మీద కూర్చోబెట్టి మీట వేసింది. ఖాళీ గిన్నె తిరుగుతుంటే దాని అంచు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. టీ కోసం వంటింట్లోకి వెళ్ళిన నేను గుమ్మంలో ఆగిపోయాను.

"ఏం చేస్తున్నవ్?"

"సూస్తున్న. ఇంకా తెలుస్తుందా లేదా అని."

వేళ్ళ గురించి అంటున్నదని అర్థమైంది. అంతకు కొద్ది రోజుల ముందే హైదరాబాదు దవాఖానలో ఆమెకు మొదటి మందు ఎక్కించారు. కడుపులో మొదలైన క్యాన్సరు అప్పటికే పక్కకు పాకింది. ఈ మందు పడినవాళ్ళలో కొందరికి వేలికొనల స్పర్శ పోతుందని, అందులో కొందరికి తిరిగి వస్తుందని, ఎవరికి ఏది జరుగుతుందో ముందు చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఆయన చెప్పినవాటిలో నేను భయపడిన మాటలు వేరే ఉన్నాయి. ఆమె ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోయింది.

గ్రైండర్ ఆపి, "నాకొక సారె కావాలె," అంది.

సారె అంటే కుమ్మరి చక్రం. మాది కుమ్మరి కులమే. కానీ మా ఇంట్లో ఆ పని మా తాతతోనే ఆగిపోయింది. మా నాన్న బడిపంతులు. నేను వనపర్తిలో లైబ్రరీ ఉద్యోగిని. ఆమె పుట్టిల్లు గద్వాల దగ్గర ఒక పల్లె. అక్కడ వాళ్ళ నాన్న చివరిదాకా కుండలు చేశాడు. చెరువు మట్టి మొయ్యడం, తొక్కడం, రాళ్ళు ఏరడం, ముద్దలు చేసి అందించడం, కాలిన కుండలు గంపలో పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మడం ఆడవాళ్ళ పని. సారెను మాత్రం ఆడవాళ్ళు ముట్టకూడదు. ముడితే ఆవంలో కుండలు పగులుతాయని నమ్మకం. ఆవం అంటే కుండలు కాల్చే బట్టీ. ఊహ తెలిసినప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా ఆమె తండ్రికి ఎదురుగా కూర్చుని ముద్దలు అందించింది. ఒక్కసారి కూడా చక్రం మీద చెయ్యి పెట్టలేదు.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ కోరిక ఆమె నోట ఎప్పుడూ రాలేదు. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చేతులు యాడికి పోతయి అనుకున్న," అంది. "ఒక్క కుండ. నేనే తిప్పి, నేనే తియ్యాలె. గంతే."

కుండను దేహంతో పోల్చిన పద్యాలు నేను చాలా చదివాను. ఆ రోజుల్లో అవేవీ నాకు పనికిరాలేదు. మాకు కావలసింది ఇంట్లో పెట్టుకోగలిగిన, మేము కొనగలిగిన ఒక చక్రం. అది కూడా ఆమె వేళ్ళు పనిచేస్తుండగానే.

ముందు ఫోనులో వెతికాను. కరెంటుతో తిరిగే చక్రాలు చాలా ఉన్నాయి. మందుల ఖర్చు నడుస్తున్న ఇంట్లో ఆ ధరలు చూసి ఫోను బోర్లా పెట్టాను. చవకది ఒకటి కనబడితే తెప్పించాను. డబ్బా విప్పాక తెలిసింది, అది పిల్లలు ఆడుకునే వస్తువని. నిమ్మకాయంత ముద్ద పెడితే తిరిగింది. పిడికెడు పెడితే మూలిగి ఆగిపోయింది.

"గీ దాని కన్నా దీపావళికి కాల్చే భూచక్రం నయం," అంది ఆమె. దాన్ని కింది పోర్షన్‌లో ఇంటి ఓనరు మనవరాలికి ఇచ్చేసింది.

నాగర్‌కర్నూల్‌లో ఒక ప్రైవేటు బడిలో పెద్ద సారె వాడకుండా పడి ఉందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్ళాను. నిజంగానే ఉంది. మీద ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. అద్దెకైనా ఇస్తారా అని ఆఫీసులో కూర్చున్నాయనను అడిగాను.

"ఇయ్యరాదు సార్. తనిఖీకి వచ్చినోళ్లకు సూపియ్యాలె."

"పిల్లలు వాడుతరా?"

"మట్టి పని గద సార్. బట్టలు ఖరాబైతయని తల్లిదండ్రులు లొల్లి పెడ్తరు."

ఇక మిగిలింది ఆమె తండ్రి సారె. అది గద్వాల పక్క ఊళ్ళో ఆమె తమ్ముడి దగ్గర ఉంది. నా బామ్మర్ది ఏడాదిలో ఎక్కువ రోజులు రాయచూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. ఎండాకాలం కుండలకు, దీపావళి ప్రమిదలకు ఇంటికి వచ్చి ఒక్కొక్క ఆవం పెడతాడు. నేను వెళ్ళేసరికి ఇంట్లోనే ఉన్నాడు.

"ఆడోళ్లు సారె ముట్టొద్దని నీకు తెల్వదా బావా?"

"తెలుసు."

"మరి?"

"మీ అక్క అడిగింది."

 అతను నన్ను కొట్టంలోకి తీసుకెళ్ళి సారె చూపించాడు. ఇద్దరు మనుషులు పడితే గాని లేవని బరువు. భూమిలో పాతిన మేకు మీద కూర్చోబెట్టి, కట్టెతో తిప్పాలి.

"ఇస్తననుకో. మీరుండేది మేడ మీద కిరాయికి. స్లాబుకు గుంత తవ్వుతవా? మీ ఓనరు నిన్నూ సారెనూ కలిపి కిందికి ఇసిరేస్తడు." నవ్వబోయి ఆగాడు. "శివరాత్రికి దీని మీద మట్టి లింగం పెట్టి మొక్కుతం బావా. ఇల్లు దాటదు గిది. మట్టి మాత్రం ఎంతంటె అంత ఇస్త. నాయిన తెచ్చిన చెరువు మట్టే."

తిరుగు బస్సులోంచి ఆమెకు ఫోను చేశాను. "మీ తమ్ముడు ఇయ్యనన్నడు."

"ఇయ్యడు. నాకు ముందే ఎర్క." మళ్ళీ తనే అంది, "మన గ్రైండర్ ఉంది గద. పిండి తిప్పేటిది మట్టి తిప్పదా?"

"మరి ఇడ్లీలు?"

"నేను ఇడ్లీ తిని ఎన్నొద్దులైంది?"

నిజమే. ఆమె రుబ్బేది నా కోసమే.

పెబ్బేరులో పశువుల సంత జరిగే చోటికి దగ్గర్లో ఒక వెల్డింగ్ షాపు ఉంది. షాపతను కూలరు స్టాండ్లు, నాగళ్ళు, బండి ఇరుసులు బాగుచేస్తాడు. ఆ వారమే గ్రైండర్‌ను గోనెసంచిలో కట్టి అక్కడికి తీసుకెళ్ళాను. మూతి విప్పగానే షాపతను నవ్వాడు.

"ఏంది సార్, హోటల్ బంద్ పెట్టిన్రా?"

సంగతి చెప్పాను.

"కుండలా? గిప్పుడెవరు కొంటరు సార్?"

"అమ్మడానికి కాదు. మా ఇంటామె ఒక కుండ చేసుకుంటదట."

"ఒక్క కుండకు గింత పరేషానా? బజార్ల దొరుకుతయి గద."

నేను గ్రైండర్‌ను సంచిలోంచి బయటికి తీశాను. అతను మళ్ళీ అడగలేదు. ఇనుప కమ్మీలతో చట్రం అతికించి, టైర్ల ఎడ్లబండి చక్రంలోంచి తీసిన బేరింగు దాంట్లో కూర్చోబెట్టి, దాని మీద ఒక ఇనుప పళ్ళెం బిగించాడు. గ్రైండర్ మోటారు కింద పెట్టి బెల్టు తగిలించాడు. సాయంత్రానికి మీట వేసి చూపించాడు. అతను అడిగిన డబ్బులకు నేను బేరం చెయ్యలేదు. చెయ్యాల్సినంత అడగలేదు కూడా.

"ఏ దిక్కు తిరగాలె సార్?"

"తిరిగితే చాలు."

"ఉల్టా కావాలంటె గీ రెండు వైర్లు అటుదిటు మార్చుకోండ్రి. గంతే."

మా ఇంటి వరండాలో రేకు కింద దాన్ని పెట్టుకున్నాం. బామ్మర్ది రెండు యూరియా సంచుల్లో మట్టి తెచ్చాడు. బస్సులో ఎక్కించడానికి కండక్టరుతో పోట్లాడాడట. "మట్టికి టికెట్ ఏందని అడిగిన. నువ్వు రేపు మట్టిలకే పోతవు గద, నీకు టికెట్ ఉంటదా అన్న," అని చెబుతుంటే ఆమె నవ్వింది. చక్రం చూసి అతను చాలాసేపు చుట్టూ తిరిగాడు. మోటారు తట్టి చూశాడు.

"గిది సారె కాదక్కా. మోటరు. మోటరు ముడితె ఏం కాదు. కూసో."

అంత సులువుగా దారి దొరికిందని అతనికే సంతోషం. ఆమె స్టూలు మీద కూర్చుని చేతులు తడుపుకుంది. మొదటి ముద్ద ఊగింది. రెండోది కూడా. మూడోసారి రెండు చేతులూ ముద్దకు కుడిపక్కన ఆనించి, మోచేతులు తొడల మీద మోపి, ఊపిరి బిగబట్టింది. ముద్ద కుదురుకుంది. తిరుగుతున్నా కదలనట్టు కనబడింది. బొటనవేలు దించింది. గుంత పడింది. గోడ లేచింది. గుప్పెడంత గురిగి, బుల్లి ముంత లాంటిది, ఒకటి తయారైంది. ఎప్పుడూ చెయ్యని పనిని ఆ చేతులు గుర్తుపట్టాయి.

దాన్ని చూసి, పళ్ళెం మీదే నలిపేసింది.

"ఎందుకు?"

"గిది కుండ కాదు. చేతులకు సాన పెడ్తున్న."

బామ్మర్ది మాత్రం పళ్ళేన్నే చూస్తున్నాడు. కాసేపటికి సైగ చేసి నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"బావా, ఉల్టా తిరుగుతుంది."

"ఏంది?"

"సారె గడియారం ముల్లు లెక్క కుడికి తిరగాలె. గిది ఎడమకు తిరుగుతుంది. కాష్టం సుట్టు తిరిగినట్ల."

పాడెతో వెళ్ళినప్పుడు చితి చుట్టూ ఎడమవైపుగా తిరుగుతాం. దేవుడికి కుడివైపు, చచ్చినవాళ్ళకు ఎడమవైపు.  ఆమెకు చెప్పొద్దన్నాను. "చెప్ప," అన్నాడు.

తర్వాత పదిహేను, ఇరవై రోజులు ఆమె రోజూ కూర్చుంది. ఒంట్లో ఓపిక ఉన్నంతసేపు. గురుగులు పెద్దవయ్యాయి. మెడ తియ్యడం ఒక్కటే సరిగా రావడం లేదంది. అన్నీ నలిపేసేది. "ఈసారి దవాఖాన నుంచి రాంగనే చేస్త. అదే అసలుది," అంది.

రెండో విడత దాటింది గాని, ఆసారి ఎక్కించిన మూడో విడత మందు ఆమెకు పడలేదు. జ్వరం పట్టుకుంది. చాలా రోజులు హైదరాబాదులోనే ఉండిపోయాం. ఇంటి తాళంచెవి బామ్మర్ది దగ్గర ఉంది.

తిరిగి వచ్చాక రెండు రోజులు పడుకునే ఉంది. మూడో రోజు పొద్దున తనే లేచి, మట్టి పిసికి, స్టూలు మీద కూర్చుంది. నేను పక్కనే ఉన్నాను. ముద్ద మీద చేతులు పెట్టగానే అది ఆమె వేళ్ళను తోసేసింది. మళ్ళీ పెట్టింది. ముద్ద ఒక పక్కకు ఒరిగి పళ్ళెం మీది నుంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది. ఎన్నిసార్లు చేసినా అదే. చివరికి మీట ఆపి, మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వేళ్లు పోయినయి," అంది.

"నీరసం వల్ల కావచ్చు."

"కాదు. మట్టి నా మాట ఇంటలేదు."

ఆమె కొంగు ముడి విప్పలేకపోవడం, జాకెట్టు గుండీ పెట్టుకోబోతే చేతిలోంచి జారడం దవాఖానలోనే చూశాను. అందుకే వాదించలేదు. పాత చీర ఒకటి తెచ్చి చక్రం మీద కప్పింది. ఆ తర్వాత వరండా వైపు రాలేదు. అన్నం కూడా చెంచాతో తినడం మొదలుపెట్టింది. మందుల వేళకు తప్ప మాట్లాడేది కాదు. రోగం అని తెలిసిన రోజు కూడా ఆమె అట్లా లేదు.

"అమ్మెయ్యి దాన్ని," అంది ఒక రోజు.

"ఎవరు కొంటరు?"

"గట్లయితే పాత సామాన్లోనికి ఎయ్యి. కండ్ల ముందుండొద్దు."

మరుసటి ఆదివారం బామ్మర్ది రాయచూరు నుంచి వచ్చాడు. అక్కడి అలవాటుకొద్దీ తిన్నావా అని కన్నడంలోనే పలకరిస్తాడు.

"ఊట ఆయ్తా అక్కా?"

"ఏం ఊటరా. చెంచలతోని పోసుకుంటున్న."

అతను మంచం పక్కన కూర్చుని చాలాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పాడు. తర్వాత వరండా వైపు చూసి అడిగాడు. "మోటరు ఇప్పుడు సక్కగ తిరుగుతుందా?"

ఆమె అతనివైపు తిరిగింది. "ఇప్పుడు అంటే?"

అతను నా వైపు చూశాడు. నాకు ఏమీ తెలియదు.

"ఇప్పుడు అంటే ఏందిరా?"

చెప్పక తప్పలేదు. మేము హైదరాబాదులో ఉన్నప్పుడు అతను పెబ్బేరు షాపతన్ని మోటారుసైకిలు మీద తీసుకొచ్చి వైర్లు మార్పించాడు. చక్రం ఇప్పుడు కుడికి తిరుగుతోంది. కాష్టం మాట ఆమె చెవిన పడకూడదని ఎవరికీ చెప్పలేదు. తిరుగుతున్న పళ్ళెం చూస్తే ఏ వైపు తిరుగుతుందో నాబోటి వాడికి తెలియదు. ఆమె ధ్యాసంతా వేళ్ళ మీదే ఉంది.

"నాయిన సారె తిరిగినట్లే చేసిన అక్కా. మంచికే చేసిన."

 ఆమె పక్కనున్న స్టీలు పళ్ళెం తీసి మంచం మీద తమ్ముడికీ తనకూ మధ్య పెట్టింది. "నాయిన యాడ కూసునేటోడు?"

"నేనున్న దిక్కు అనుకో."

"నేను?"

"ఎదురుంగ. గిట్ల నువ్వున్న దిక్కే."

"నాయిన చేతులు ఏ పక్కన పెట్టేటోడు?"

అతను తన ఎడమపక్కన పళ్ళెం అంచు మీద చేతులు పెట్టాడు. అది ఆమెకు కుడిపక్క. ఆమె తన కుడిపక్కన చేతులు పెట్టి చూపించింది.

"నేను నేర్సింది గిది. ఎదురుంగ కూసొని. నాయినకు ఎడమ, నాకు కుడి. నా చేతులు ఉల్టా చేతులురా. ఉల్టా తిరిగే మోటరే నాకు సీద."

ఎడమకు తిరిగే పళ్ళెం మీద కుడిపక్కన చేతులు ఆనిస్తే మట్టి చేతుల్లోంచి ముందుకు సాగిపోతుంది. కుడికి తిరిగితే అదే చోట మట్టి ఎదురొచ్చి వేళ్ళను తోస్తుంది. వేళ్ళు పోయాయని ఆమె నమ్మిన ఆ రోజులన్నింటా జరిగింది అది.

"నీ పాడుగాను," అంది. "నా చేతులను బతికుండంగనే బొంద పెట్టినవు గదరా." తిడుతూనే నవ్వింది. నవ్వుతుంటే దగ్గు వచ్చింది. అతను ఏడుస్తున్నాడు. "ఏడుస్తవేందిరా, పానా తీస్కరా. వైర్లు మార్చు."

"అక్కా, గట్ల తిరుగుడు కాష్టం కాడ..."

"తిరగనీ. ఏ దిక్కు తిరిగితె ఏంది? పోయేటిది ఒక్క తానికే."

అతనే వైర్లు విప్పి మార్చాడు.  ఆ సాయంత్రం ఆమెను ఇద్దరం పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాం. వేళ్ళ సంగతి పూర్తిగా అబద్ధం కాదు. కొనలు నిజంగానే మొద్దుబారాయి. గోడ ఎంత మందం ఉందో వేలితో తెలియక, వంగి కళ్ళతో చూసుకుంటూ చేసింది. ఒకసారి గోడ కూలింది. రెండోసారి నిలబడింది. కుండ కడుపు ఉబ్బింది. మెడ దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి మెడ తీసింది. చెంబుకన్నా కొంచెం పెద్ద కుండ. ఒక పక్క మందం, ఒక పక్క పలుచన. బామ్మర్ది దారంతో అడుగు కొయ్యబోతే వద్దని, తనే కోసింది.

"గిది కుండ," అంది.

అతను దాన్ని రెండు చేతులతో ఎత్తి నీడలో పీట మీద పెట్టాడు. నెమ్మదిగా ఆరాలని తడిబట్ట కప్పాడు. పచ్చి కుండ ఆరాక కాల్చాలి. ఒక్క కుండ కోసం ఆవం పెట్టలేరు. నిండా కుండలు పేర్చితేనే మంట సమంగా తగులుతుంది. ఇంకో నెలలో ఎండాకాలం కుండలతో కలిపి కాలుస్తానన్నాడు. ఆమె సరేనంది. నీళ్ళు పోసి తాగి చూస్తానంది.

నెల గడవకుండానే ఆమె పోయింది. కుండ ఇంకా పీట మీదే ఉంది.

మాకు పిల్లలు లేరు కాబట్టి నిప్పు పట్టాల్సింది నేనే. కొత్త కుండ కావాలని హడావిడి పడుతుంటే, ఆత్మకూరు నుంచి వచ్చిన మా పెద్దనాన్న వరండాలో దాన్ని చూశాడు. "ఇంట్ల కుండ పెట్టుకొని బజారుకు పోతరేందిరా?"

"అది పచ్చిది పెద్దయ్యా," అన్నాడు బామ్మర్ది. "నీళ్లు తగిలితె మట్టైతది."

బజారు నుంచి కుండ వచ్చింది. ఎక్కడ చేసిందో తెలియదు. ఎడమవైపుగా తిరగమన్నారు. తిరిగాను.

దినాలు అయిపోయాక బామ్మర్ది ఆ కుండను తువ్వాలలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఊరికి తీసుకెళ్ళాడు. రాయచూరు పని మానుకుని రోజుల తరబడి తండ్రి సారె దగ్గర కూర్చుని, ఆవం నిండడానికి సరిపడా కుండలు చేశాడు. ఆవం పెట్టే రోజు నన్ను పిలిచాడు. అడుగున పిడకలు, కట్టెలు పరిచి, కుండలు వరుసలుగా పేర్చి, ఆమె కుండను నడుమ పెట్టి, పైన గడ్డి కప్పి మట్టి పూశాడు. పొద్దు గూకాక నిప్పు పెట్టాడు. ఇద్దరం కొంతసేపు కూర్చున్నాం. పొగ తప్ప చూడటానికేమీ లేదు.

మర్నాడు ఆవం చల్లారాక తీశాం. కుండ పగలలేదు. మందంగా ఉన్న పక్క నల్లబడింది. పలుచగా, ఎర్రగా ఉన్న పక్కన వెంట్రుకంత బీట. నీళ్ళు పోస్తే కాసేపటికి అడుగున చెమ్మ దిగింది. బామ్మర్ది ఆ బీట మీద వేలు రాసి, "సన్న మట్టితోని పూడ్సొచ్చు బావా," అన్నాడు. వద్దన్నాను. అతను ఒప్పుకున్నాడు.

మిగతా కుండల్లో కొన్ని చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తీసుకున్నారు. చాలావరకు ఇంటి గోడ పక్కన వాన నీళ్ళు నిండి పడి ఉన్నాయి. ఆ ఎండాకాలం తర్వాత అతను భార్యాపిల్లలతో రాయచూరులోనే ఉండిపోయాడు. దీపావళికి ఫోను చేసి, ప్రమిదలు చేస్తావా అని అడిగాను.

"ఎవల కోసం బావా?" అన్నాడు. "ఒక్కదాని కోసం పెట్టిన. అయిపోయింది."

ఆ ఊళ్ళో ఇప్పుడు ఆవం పెట్టడం లేదు.